రంగం తెలుగువాళ్ళందరికీ ఒకే ఇల్లు

మనిషన్నాక తప్పులు చేస్తాడు. గ్లాసు పగలగొడతాడు, ఎక్కాల్సిన బస్సు వదిలేసి ఎక్కకూడనిది ఎక్కుతాడు, అత్తగారిని పట్టుకుని పనిమనిషా అని అడుగుతాడు. అలాంటి కథ అనుకుని మీరు చదవడం మొదలుపెట్టి ఉంటే ముందే చెప్పేస్తున్నాను, ఇది ఆ కోవకు చెందదు. యాంగోన్‌లో, అంటే మా పెద్దలు రంగం అనే ఊళ్ళో, ఉన్న మా తెలుగువాళ్ళందరినీ నేను రెండు రోజుల్లో అన్నాచెల్లెళ్ళను చేసేశాను. ఆ దెబ్బకు ఆ యేడాది మాలో ఒక్క పెళ్ళి కూడా కుదరలేదు. కుదరాల్సినవాటిలో నాదీ ఒకటి.

ఇప్పుడు నేను యాంగోన్‌లోనే లత అనే పేటలో ఒక మేడమీద గదిలో పిల్లలకు సీ ప్రోగ్రామింగ్ చెప్పి బతుకుతున్నాను. మిగతా పాఠాలన్నీ హుషారుగానే చెబుతాను. స్ట్రక్ట్ లోపల స్ట్రక్ట్, దాన్ని పాయింటర్‌తో అందుకోవడం అనే పాఠం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు మారిపోతుంది. సారుకు ఆ రోజు ఒంట్లో బాగోదని పిల్లలు అనుకుంటారు. ఒంట్లో బాగానే ఉంటుంది.

అసలు సంగతి తెలియాలంటే మా పేర్ల గొడవ కొంత తెలియాలి. బర్మా పేర్లలో ఇంటిపేరనేది ఉండదు. నా గుర్తింపు కార్డు మీద నేను తెయిన్ ఊ. ఇంట్లో అప్పలరాజును. మా అమ్మ కార్డు మీద ఇంకేదో పేరు, మా మామయ్య కార్డు మీద మరేదో పేరు. ఈ మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి, వీళ్ళు ఒకే చుట్టరికమని ఏ అధికారీ కనిపెట్టలేడు. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోసినవాళ్ళం. ఇంటిపేర్లు వాడకం లేక పెట్టెల్లో పడ్డాయి. వాటితో పనిపడేది ఒక్కసారే, పెళ్ళి మాటలప్పుడు. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరైతే అన్నాచెల్లెళ్ళ కింద లెక్క, ఇక మాటల్లేవు.

అందుకని మా అమ్మవారి గుడి బీరువాలో ఒక పుస్తకం ఉండేది. రంగంలో ఉన్న ప్రతి తెలుగు కుటుంబం ఇంటిపేరూ, పూర్వీకుల ఊరూ అందులో ఉండేవి. గుడి పెద్ద సింహాద్రి తాత వాళ్ళ నాన్న తన చేత్తో రాసిన పుస్తకం అది. చెదలు తిన్నంత తినగా, వానాకాలపు చెమ్మ నానబెట్టినంత నానబెట్టగా, పేజీ తిప్పితే పొడి రాలేది. దాంట్లోని తెలుగు చదవగలిగింది కూడా తాత ఒక్కడే. మా తరానికి తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడితే తడబడుతుంది, చదవమంటే దణ్ణం పెడుతుంది. ఎక్కడైనా రాసిపెట్టేస్తే ఈ పుస్తకానికి పసుపూ కుంకుమా పెట్టి గౌరవంగా ఏట్లో కలిపేద్దామని తాత ఏళ్ళ తరబడి అంటున్నాడు.

సరిగ్గా అప్పుడే నేను సీ నేర్చుకుంటున్నాను. మా సయామ, అంటే పాఠాలు చెప్పే టీచరమ్మ, స్ట్రక్ట్ లోపల స్ట్రక్ట్ పెట్టి, పాయింటర్లు వాడి, ఏదైనా పనికొచ్చే ప్రోగ్రాం రాసుకు రమ్మంది. నాకు ఇరవై మూడేళ్ళు. ఆ వయసులో తెలియనిదేదీ ఉండదు. నేరుగా గుడికెళ్ళి తాత ముందు కూర్చున్నాను.

"నువ్వు చదువు తాతా, నేను బర్మా అక్షరాల్లో కంప్యూటర్లో కొట్టేస్తాను. ప్రతి ఇంటికీ ఒక కార్డు అచ్చేసి ఇద్దాం."

"కంపూటర్లో ఎడితే మరి పోదేటి?"

"ప్రళయమొచ్చినా పోదు."

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. మనిషి అనే ఒక పెట్టె తయారుచేశాను. అందులో అతని పేరు. ఇల్లు అనే ఇంకో పెట్టె చేశాను. అందులో ఇంటిపేరు, ఊరు. ఇంటి పెట్టెను తెచ్చి మనిషి పెట్టెలోనే పెట్టేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. అలా చేస్తే తెలివి ఎక్కడ కనబడుతుంది? మనిషి జేబులో ఇంటి అడ్రసు చీటీ మాత్రమే పెట్టాను. దాన్నే పాయింటర్ అంటారు. వస్తువు జేబులోనే ఉంటే చుక్క పెట్టి తీసుకోవాలి. అడ్రసు మాత్రమే ఉంటే బాణం గుర్తు వేసి ఆ అడ్రసుకు వెళ్ళాలి. మనిషి, బాణం, ఇల్లు, బాణం, ఇంటిపేరు. రాసుకున్న ఆ లైన్‌ను చూసుకుని నాలో నేనే మురిసిపోయాను.

రెండు రోజులు లాప్‌టాప్ మూయకుండా కూర్చున్నాం. కరెంటు పోయినప్పుడల్లా పూజారిగారి బ్యాటరీకి తగిలించేవాణ్ణి. తాత చదవడం, నేను టకటకా కొట్టడం. మర్యాదకు మా ఇంటిని చిట్టచివర పెట్టుకున్నాను. కోరాడవారు, ఊరు బారువ. అంతా అయ్యాక సరిచూసుకోవాలి కదా. చూశాను. దేన్ని చూశాను? నా పేరునే. కోరాడ అప్పలరాజు, బారువ. అక్షరం పొల్లుపోలేదు. తన పేరు సరిగ్గా పడితే ప్రపంచమంతా సరిగ్గా ఉన్నట్టే కనబడే వయసది.

మర్నాడు పుస్తకానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, అరిటాకులో చుట్టి, ఏటి అవతల ఊరు ట్వంటేకు వెళ్ళే పడవెక్కాం. తాత చేతులు వణుకుతున్నాయని ఏట్లో నన్నే వదలమన్నారు. వదిలాను. ఫోన్‌లో ఫోటోలైనా తీసి ఉంచుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ ఆ రోజు నుంచీ నన్ను నేను అదే అడుగుతున్నాను.

కార్డులు ప్రెస్సులో అచ్చయి, అక్కడే కవర్లలోకెక్కి, ఇంటింటికీ వెళ్ళాయి. గమనించండి, ఎవరి కవరు వాళ్ళకే. ఎవరి కార్డు వాళ్ళే చూసుకున్నారు. ఎవరిది చూసినా వాళ్ళ పేరు సరిగ్గానే ఉంది. ఇంటిపేరు కోరాడ. ఊరు బారువ.

సగంమందికి తమ ఇంటిపేరేమిటో అసలు తెలియదు కాబట్టి సంతోషంగా పూజగదిలో పెట్టుకున్నారు. తెలిసినవాళ్ళకైనా అనుమానం రావాలి కదా? రాలేదు. కంప్యూటరు కంటే తమ నాన్నే తప్పు చెప్పి ఉంటాడనుకున్నారు. సింహాద్రి తాతైతే తన కవరు విప్పకుండానే అమ్మవారి పాదాల దగ్గర పెట్టేశాడు. తాళ్ళూ వలలూ అమ్మే నూకరాజు మామయ్య మూడు తరాలుగా పల్లావారు. కార్డు చూసి రాత్రంతా మథనపడి, తెల్లారి పెయింటర్‌ని పిలిపించి, దుకాణం బోర్డు మీద కోరాడ అని రాయించేశాడు. మింగళాడోన్‌లో విమానాశ్రయం దగ్గర పనిచేసే సీతయ్య బావ ఇంటిపేరు దొరికిందన్న ఆనందంతో వీధి మొత్తానికీ మొహింగా, అంటే చేపల పులుసులో వేసిన సేమ్యా, పెట్టించాడు. నేను ఆ విందుకు వెళ్ళి రెండు గిన్నెలు తాగి, కోరాడవారని విని, ఓహో వీళ్ళూ మావాళ్ళేనా అని వచ్చాను. అప్పుడైనా నా బుర్రలో దీపం వెలగలేదు. నాకంటే ఆ మొహింగాలోని చేపకు తెలివెక్కువ.

ఇక గౌరి సంగతి. గుర్తింపు కార్డు మీద ఆమె మ ఖిన్. లతలోనే ఒక మందుల షాపులో చేసేది. రెండేళ్ళుగా నాకు లేని జబ్బు లేదు. తలనొప్పి మాత్రలు కొని కొని, అవి చూస్తేనే తలనొప్పి వచ్చే స్థితికి వచ్చాక ధైర్యం చేసి మాట చెప్పాను. ఆమె నవ్వి, మామ్మనడుగు అంది. గౌరికి తల్లీ తండ్రీ లేరు, పెంచింది మామ్మ నూకాలమ్మే. ఆవిడ కనుసన్న దాటి ఆ ఇంట్లో ఈగ కూడా వాలదు.

మా అమ్మ పళ్ళూ పూలూ పట్టుకుని నన్ను తీసుకువెళ్ళింది. కూర్చోబెట్టారు, టీ ఇచ్చారు. మా అమ్మ ఎంతో దర్జాగా మా కార్డు తీసి బల్ల మీద పెట్టింది. గౌరి లోపలికెళ్ళి వాళ్ళ కార్డు తెచ్చి పక్కన పెట్టింది. రెండూ చూశాను. కోరాడ, బారువ. కోరాడ, బారువ.

నూకాలమ్మ మామ్మకు చదువు రాదు. మనవరాలిచేత చదివించుకుంది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. చూసి, తాపీగా అంది.

"కార్డు నువ్వే సేసినావు కదా బాబూ. ఇంక మరేటి సెప్పను? మీరిద్దరూ అన్నాసెల్లెళ్ళు."

ఆ సాయంత్రం గౌరి ఫోన్ చేసింది. ఆమె గొంతులో ఏడుపుందో నవ్వుందో తేల్చుకోలేకపోయాను. "ఏటి అన్నయ్యా, తిన్నావా?" అంది. అంతే, పెట్టేసింది. ఆ ఒక్క పిలుపుకు నా ఒంట్లో ఎముకలన్నీ విడివిడిగా కింద పడ్డాయి.

ఆ వారమే ఇంకో రెండు సంబంధాలు సరిగ్గా ఇలాగే చెడ్డాయని విన్నాను. అప్పటికి వెలిగింది దీపం. పరిగెత్తుకెళ్ళి అన్ని కార్డుల జాబితా తెరిచాను. మొదటి పేరు నుంచి చివరి పేరు వరకూ అందరూ కోరాడవారే. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని సయామ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్క నిమిషం చూసింది. బాణాలన్నీ సరిగ్గానే వేశావంది. మరి తప్పెక్కడ అన్నాను. ఇల్లు కట్టే లైన్ చూడు, లూపు బయట, అంటే ఒక్కొక్కరి కోసం మళ్ళీ మళ్ళీ తిరిగే భాగం బయట, ఉంది అంది.

అదండీ సంగతి. ప్రతి మనిషికీ కొత్తగా ఒక ఇల్లు కట్టించాల్సింది. నేను మొదట్లోనే ఒకే ఒక్క ఇల్లు కట్టి, వచ్చిన ప్రతివాడి జేబులోనూ దాని అడ్రసే పెట్టాను. ఒక్కొక్కడూ వచ్చి ముందువాడి పేరు తుడిచేసి తన పేరు గుమ్మానికి రాసుకుపోయాడు. ఆఖరున రాసింది నేను. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నేను ఒక్క ఇల్లు కట్టి ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ చెడగొట్టాను.

సరిచేసుకో, ఒక్క లైన్ లోపలికి జరుపు, మళ్ళీ టైపు చెయ్యి అంది సయామ. ఏ పుస్తకం చూసి చెయ్యను? పుస్తకం ఏట్లో ఉంది.

సింహాద్రి తాతకు చెప్పడానికి గుడికెళ్ళాను. తిడతాడనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. అంతా విని, గుర్తున్నంతవరకూ చెప్పడానికి ప్రయత్నించాడు. సగం గుర్తున్నాయన్నాడు, ఏ సగమన్నది గుర్తు రాలేదు. చివరికి, "అది మా నాన్న సేతిరాత, అప్పలరాజూ," అన్నాడు. నేను గుడి వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచే చోట కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఈ కథలో నవ్వుకోవడానికి ఏమీ లేని చోటు అదొక్కటే, అక్కడ మాత్రం నవ్వకండి.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. సీతయ్య బావనడిగితే నాకేం తెలుసు, ట్వంటేలో మా మేనత్త ఉంది, ఆవిడనడుగు అన్నాడు. పడవా, బస్సూ ఎక్కి, మోకాలి లోతు బురదలో నడిచి వెళితే, కుండలు ఆరబెట్టుకుంటున్న ఆ మేనత్త, అయ్యో నాకు గుర్తులేదు నాయనా, మింగళాడోన్‌లో మా మరిదికి తెలుసు అంది. సీతయ్య, బాణం, మేనత్త, బాణం, మరిది, బాణం, ఇంటిపేరు. స్క్రీన్ మీద ఎంతో ముద్దుగా కనిపించిన ఆ లైనే నన్ను కాళ్ళకు పొక్కులెక్కేదాకా తిప్పింది. మింగళాడోన్ చేరితే ఆ మరిది పోయి నాలుగేళ్ళయిందన్నారు. ప్రోగ్రాంలో పాయింటర్ ఏమీ లేని చోటికి చూపిస్తే మొత్తం కూలిపోతుంది. నేను అతని గుమ్మంలోనే కూలబడ్డాను. వాళ్ళు పాపం నేనెవరో దూరపు చుట్టమనుకుని, అతని కోసమే ఏడుస్తున్నాననుకుని, మంచినీళ్ళిచ్చి ఓదార్చారు. ఓదార్పు అవసరం కాబట్టి నేనూ కాదనలేదు.

ఇలా ఎవరి దగ్గర మొదలుపెట్టినా, ఎన్ని గుమ్మాలు తిరిగినా, చివర అందరూ ఒకే మాట చెప్పడం మొదలుపెట్టారు. పాతకాలంలో మన పెళ్ళిళ్ళన్నింటికీ పాటలు పాడింది ఆవిడే, ఆవిడకు తెలియని ఇల్లు లేదు, వెళ్ళి నూకాలమ్మనడుగు. మళ్ళీ అందరి చీటీల్లోనూ ఒకే అడ్రసు. ఈసారి తప్పు నాది కాదు.

తల వంచుకుని వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"మామ్మా, అందరి ఇంటిపేర్లూ నీకు తెలుసట."

"తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నన్నెవులడిగినారు? నాకు సదువు రాదు కదా."

నోటుబుక్కు తెరిచాను. లాప్‌టాప్ వైపు కన్నెత్తి చూడలేదు. అయితే మామ్మకు ఊరికే చెప్పమంటే పేర్లు రావు, పాడితేనే వస్తాయి. పెళ్ళిలో మగపెళ్ళివారిని ఆడపెళ్ళివారు ఎగతాళి చేసే పాటలున్నాయి కదా, ఫలానావారింటి పెద్దాయన బొజ్జ, ఫలానావారింటి వదినగారి నడక, ఆ ఫలానాలే నాకు కావలసింది. ఒక్కో పెళ్ళికీ ఒక్కో పాట, ఒక్కో పాటలో రెండేసి ఇళ్ళు. మధ్యలో ఆపితే దారి తప్పుతుంది, మళ్ళీ విఘ్నేశ్వరుడి నుంచి అందుకోవాలి. తుమ్మొచ్చినా ఆపుకునేవాణ్ణి. అలా వానాకాలమంతా, సెలవున్న రోజల్లా ఆ ఇంట్లోనే గడిపాను. గౌరి టీ తెచ్చిపెట్టేది. అన్నయ్యా అనడం మానేసింది. ఒక్కో ఇంటికీ కొత్త పేజీ తీసి, చేత్తో, తెలుగులోనే రాశాను. అక్షరాలు సింహాద్రి తాత నేర్పాడు. గుండ్రంగా రావడానికి నెల పట్టింది.

నూకరాజు మామయ్య మళ్ళీ పల్లావారయ్యాడు. బోర్డుకు మళ్ళీ రంగేయించుకుంటూ నన్ను ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను. సీతయ్య బావకు అతని అసలు ఇంటిపేరు చెబితే, ఇంకోసారి మొహింగా పెట్టే ఓపిక లేదన్నాడు.

ఆఖరి పాట పాడిన రోజు మామ్మ తన ఇంటిపేరు చెప్పింది. మైలపల్లివారు. ఊరు కూడా వేరే. రెండూ రాసుకున్నాను. తలుపు దగ్గర గౌరి నిలబడి వింటోంది. రాసిన పేజీ మామ్మ ముందు పెట్టి, ఆవిడకు చదువు రాదని గుర్తొచ్చి, గట్టిగా చదివాను.

"మైలపల్లివారు మీరు. కోరాడవారం మేము. ఇంక అడ్డేముంది మామ్మా?"

"అది నాకు కొత్తగా సెప్పాలేటి? నా ఇంటిపేరు నాకు తెల్దా? కార్డు తప్పని నాకు ఆ దినమే తెలుసు."

"మరి అన్నాచెల్లెళ్ళన్నావు."

"గుమ్మంలోకి ఒచ్చినోడిని కాదని సెప్పడానికి మరియాదైన మాటొకటి కావాలి కదా, కార్డే అందిచ్చింది." మామ్మ వక్కముక్క నోట్లో వేసుకుని తీరిగ్గా నమిలింది. "ఇంటిపేరు కాదు బాబూ. తన పేరొక్కటీ సూసుకుని, ఊరందరి పేర్లూ ఏట్లో ఒదిలేసినోడివి నువ్వు. అలాంటోడి సేతిలో నా గుంటని, నా మనవరాల్ని, ఎలగెట్టను?"

గౌరి ఏమైనా అంటుందేమోనని తలుపు వైపు చూశాను. ఆమె తల వంచుకుని టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కోపమొస్తే బాగుండేది, రాలేదు. మామ్మ చెప్పింది నిజమని నాకు తెలుసు. నోటుబుక్కు మూసి, దణ్ణం పెట్టి, వానలోనే ఇంటికి నడిచి వచ్చాను. నేనా రోజు ఏడ్చింది ఎవరికీ కనబడలేదు.

ఆ మరుసటి ఎండాకాలం గుడికి ఒక సంబంధంవాళ్ళు వచ్చారు. అబ్బాయిది మింగళాడోన్. ఇంటిపేర్లు చూడాలన్నారు. సింహాద్రి తాత కళ్ళు అప్పటికి మసకబారాయి, పుస్తకం నీదే కదా, నువ్వే చదువు అన్నాడు. నిలబడి చదివాను. అబ్బాయివారు పల్లావారు. అమ్మాయివారు మైలపల్లివారు. వేరే ఇళ్ళు, వేరే ఊళ్ళు, ఈ పెళ్ళికి ఏ అడ్డూ లేదని అందరికీ వినబడేలా చెప్పాను. నా పుస్తకానికి దక్కిన మొదటి పని అదే. నూకాలమ్మ మామ్మ నా తల మీద చెయ్యి పెట్టి, "ఇప్పుడు పనికొచ్చినావు బాబూ," అంది. గౌరి నా వైపు చూసి చిన్నగా నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వానో అమ్మవారికి తెలుసు.

కాబట్టి మా అమ్మవారి సాక్షిగా, బాణం గుర్తు సాక్షిగా, ఏట్లో కరిగిపోయిన ఆ చేతిరాత సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఇల్లు కట్టే లైన్‌ను లూపు బయట పెట్టను. నా పేరు సరిగ్గా పడిందని చెప్పి పక్కవాడి పేరు చూడకుండా లేవను. చెదలు తిన్న కాగితాన్నయినా ప్రళయమొచ్చేదాకా ఏట్లో వదలను. నా విద్యార్థులచేత కూడా ఈ ఒట్టు వేయిస్తాను. ఎందుకో చెప్పను.

ఆ పుస్తకం ఇప్పుడు గుడి బీరువాలోనే ఉంది. ప్రతి యేడూ కొత్త కోడళ్ళూ, కొత్త పిల్లలూ చేరుతూ ఒక్కో ఇంటి పేజీ నిండుతోంది. చివరి పేజీ కోరాడవారిది. ఒకప్పుడు రంగం తెలుగువాళ్ళందరూ కాపురమున్న ఇల్లు అది. ఇప్పుడందులో మా అమ్మా, నేనూ.